శివారు పొలమునకు మొదటి తడి



భౌతికశాస్త్రమును, అంతరిక్ష విజ్ఞానమును చదువుచున్న బాలబాలికలు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుచుందురు. "మొదట ఎంతో ఉత్సాహముతో ఆరంభించితిమి. నెల గడచునప్పటికి పుస్తకములు కుప్పపడినవి, లెక్కలు మిగిలిపోయినవి, మనసు విరిగినది. చదువు ఒక క్రమములో సాగుటకును, ఉత్సాహము చల్లారకుండుటకును ఉపాయమేమి?" అని వారి ప్రశ్న. దీనికి నాకు తోచిన సమాధానమును ఈనాడు మీ ముందు ఉంచదలచితిని.

తెలుగు పండితునకు భౌతికశాస్త్రముతో పని యేమి యని మీకు సందేహము కలుగవచ్చును. అది న్యాయమైన సందేహమే. నేను వ్యాకరణమును, కావ్యములను గురుముఖమున చదివినవాడను. బందరులో చిరకాలము పిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి తీసికొన్నవాడను. పంచాంగగణితము నేర్చునప్పుడు, గ్రహణము ఏ వేళకు పట్టునో ముందుగానే లెక్కవేయవచ్చునని తెలిసి ఆశ్చర్యపడి, ఆ దారిని పోయి పోయి, నడివయసున ఇంటర్మీడియెటు భౌతికశాస్త్ర పుస్తకములు తెరచితిని. ఆలస్యముగా మొదలిడినవాడను గనుక ఈ శాస్త్రమున ఎచ్చట కాలు జారునో నాకు బాగుగా తెలియును. నా అర్హత అంతమాత్రమే.

మన సీమలో ఈ చదువు కేవలము ఉద్యోగముకొరకు కాదు. 1864 నవంబరు 1వ తేదీన తుపానుతో సముద్రము పొంగి బందరును ముంచినప్పుడు సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన విరుచుకొనిపడి ఇంచుమించు 10,000 మందిని పొట్టన పెట్టుకొన్నది. అప్పటికి మన దేశమునకు ఆకాశమున ఒకేచోట నిలిచి తుపానులను కనిపెట్టియుండు సొంత ఉపగ్రహము లేదు. 1983లో ఇన్సాట్-1బి ఆ స్థానమునకు చేరినది. 1990 మే నెలలో మరల ఒక మహా తుపాను కృష్ణానది ముఖద్వారపు చేరువనే తీరమును తాకినది. ఆ పర్యాయము మేఘముల చిత్రములు పైనుండి అందుచుండెను. హెచ్చరికలు ముందుగా వచ్చినవి. లక్షకు మించిన జనమును తరలించిరి. ప్రాణనష్టము లేకపోలేదు, కాని అది 1977తో పోల్చదగినది కాదు. నేడు బందరులో వాతావరణశాఖవారి రాడారు తిరుగుచున్నది. ఈ రెండు తుపానులకు నడుమ నున్న భేదము వెనుక, ఏనాడో ఎక్కడనో భౌతికశాస్త్రము లెక్కలు వదలక చేసిన విద్యార్థులు ఉన్నారు. కనుక మన పిల్లవాడొకడు ఈ చదువును నడుమ విడిచినాడన్న, ఆ నష్టము వానియింటితో పోవునది కాదు.

అట్లు విడిచినవాడొకడు నాకు తెలియును. ఇరువదియేండ్ల క్రిందటి మాట. దివిసీమలో సముద్రమునకు దగ్గరి పల్లెవాడు. వాని తాత ఉప్పెనలో పోయినాడు. డిగ్రీలో భౌతికశాస్త్రము తీసికొని, శ్రీహరికోటలో పని చేయవలెనని కలలు కనుచుండెను. మొదటి సంవత్సరమున ఒకనాడు నాయొద్దకు వచ్చి ఒక కాగితము చూపినాడు. తెల్లవారుజామున 4 గంటలు మొదలు రాత్రి 11 గంటలవరకు రంగురంగుల సిరాతో గీసిన కాలపట్టిక అది. నేను సంతోషించి మెచ్చుకొంటిని. పది దినములకు అది తప్పినది. మరియొకటి గీసినాడు, అదియు తప్పినది. మూడవమారు వచ్చి, "మాస్టారూ, నాకు మనసు నిలుచుటలేదు" అని తలవంచుకొని నిలువబడినాడు. "నాయనా, పట్టుదల ఉండవలెను" అని, ఏకలవ్యుని కథ చెప్పి పంపివేసితిని. ఆ సంవత్సరము చివర వాడు చదువు మానుకొని చేపల చెరువుల పనిలోనికి పోయినాడు. దాహమైనవానికి నీటి మహిమ వర్ణించి పంపినట్లైనది నా ఉపదేశము. ఆ తప్పు నాది.

దానికి విరుగుడు నాకు ఏ గ్రంథమునను దొరకలేదు, కాలువగట్టున దొరికినది. కృష్ణాడెల్టా వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు, తక్కినవారికొరకు చెప్పుచున్నాను. బెజవాడ దగ్గర విడిచిన నీరు కాలువలలో దిగివచ్చి, పులిగడ్డ అక్విడక్టుమీదుగా కృష్ణపాయను దాటి దివిసీమకు చేరును. కాలువ చివరనున్న పొలములను శివారు భూములందురు. కాలువలో నీరున్నను శివారు ఎండుచుండును. ఏలయనగా ఎగువ పొలములు తూము దగ్గరనే ఉన్నవి. అవి అడుగకయే త్రాగును. మిగిలినదే శివారునకు. ఒక వేసవి చివర మా బంధువుల పొలము దగ్గర నిలుచున్నప్పుడు కాలువ లస్కరు ఒక మాట అన్నాడు: "పంతులుగారూ, నీళ్లు చాలక కాదండి. వంతు పెట్టి, పైతూములు మూసి, శివారుకు ముందు వదిలితే అందరికీ సరిపోతవి."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాని దినము నా కన్నులయెదుట నిలిచినది. వానికి కాలము చాలక కాదు. ఉదయము తేటగానున్న మనసును నోట్సు అందముగా తిరిగి వ్రాయుట త్రాగివేసినది. మధ్యాహ్నమును తెలిసిన పాఠమును మరల చదువుట త్రాగినది. సాయంకాలము రాకెట్లను గూర్చిన ముచ్చటలు వినుటలో గడచినది. ఇవన్నియు ఎగువ పొలములు; సులభమైనవి, చేసినకొలది చదివితిమన్న తృప్తి నిచ్చునవి. చేయవలసిన లెక్క, అర్థముకాని సూత్రము, గుండెను బరువెక్కించు ఆ ఒక్క అధ్యాయము రాత్రి 10 గంటలకు, మనసు ఎండిన తరువాత, శివారున మిగిలినవి. ప్రతిరాత్రి ఓటమితో నిద్రించువానికి ఉత్సాహము ఎక్కడినుండి వచ్చును? ఉత్సాహము లేక చదువు చెడినదని మనమందుము. చదువు అమరిక చెడి ఉత్సాహము చచ్చినదనుట నిజము.

కొన్ని యేండ్లకు గుడివాడ దగ్గరి పల్లెనుండి ఒక అమ్మాయి అదే ప్రశ్నతో వచ్చినది. ఈమారు నేను ఏకలవ్యుని కథ చెప్పలేదు. "అమ్మా, నీ దినములో శివారు ఏది?" అని అడిగితిని. యాంత్రికశాస్త్రములోని లెక్కలని చెప్పినది. అప్పుడు మేమిద్దరము కూర్చుండి నాలుగు ఏర్పాట్లు చేసికొంటిమి.

మొదటిది, శివారునకు మొదటి తడి. ఉదయము లేచి, సెల్ ఫోను ముట్టకముందు, ఒక గంట ఆ లెక్కలకే. గంట ముగిసిన తరువాత లెక్క తేలకపోయినను లేచిపోవలెను. ఎంతవరకు వచ్చెనో, ఎచ్చట ఆగెనో ఒక వాక్యము వ్రాసి లేవవలెను. మరునాడు ఆ వాక్యమే తలుపు తెరచును.

రెండవది, వంతు. అన్ని విషయములను ప్రతిదినము చదువవలెనన్న దురాశ విడిచి, యాంత్రికమునకు, విద్యుత్తునకు, గణితమునకు, ఖగోళమునకు వారములో వేరువేరు దినములు పెట్టితిమి. వంతు రాని విషయమునుగూర్చి ఆనాడు చింతపడరాదు.

మూడవది, విరామము. మా పాఠశాలలో పాడ్యమినాడును అష్టమినాడును క్రొత్త పాఠము లేదు. చిన్నతనమున అది ఆటవిడుపనుకొంటిమి. కాని కాలువలను కూడ వేసవిలో కట్టివేసి పూడిక తీయుదురు గదా! వారమున ఒకనాడు క్రొత్తది ముట్టక, ఆ వారమున ఆగిపోయిన చోటులను మాత్రము చూచుకొనవలెను. ఆ దినపు సాయంకాలము చదువే లేదు.

నాలుగవది, చింతన. గురువు చెప్పిన సంతను మేము తోటివారితో కూడి చింతన చేయుచుంటిమి. ఒకడు తడబడిన మరియొకడు అందించుచుండెను. ఆ అమ్మాయి తన స్నేహితురాలితో శనివారము గంటసేపు కూర్చుండి, పుస్తకము మూసి, ఒక సూత్రము ఎట్లు వచ్చెనో చెప్పుట మొదలిడినది. చెప్పలేనిచోట తనకు తెలియలేదని బయటపడును. ఆ బయటపడుట మేలు. పరీక్షలో బయటపడుటకంటె ఎంతో మేలు.

అయితే వల్లె వేయుట మాత్రము ఈ శాస్త్రమునకు చాలదని నేను ఒప్పుకొనవలెను. అమరకోశము వల్లె వేసిన నిలుచును; న్యూటను నియమములు వల్లె వేసిన నిలువవు. అవి చేతితో లెక్క చేసిన, కంటితో చూచిన నిలుచును. కనుక వీనికి తోడు, ఆకాశమున ఏదేని ఒకటి ఎడతెగక చూచి వ్రాసికొనుమని చెప్పితిని. ఆమె చంద్రోదయమును ఎంచుకొన్నది. దివిసీమలో మేనమామగారి యింట, ఎదురుమొండి దీవికి పోవు పడవలు పోటుకొరకు కాచుకొనియుండుట చూచినది. నిన్నటి పోటు నిన్నటి వేళకు నేడు రాదని పడవవాండ్రకు తెలియును. చంద్రుడు ఎంత ఆలస్యమైన పోటును ఇంచుమించు అంత ఆలస్యమగును. ఎంత ఆలస్యమని ఆమె నన్ను అడిగినది.

నేను పంచాంగపు లెక్క చెప్పితిని. దినమునకు 60 గడియలు, మాసమునకు 30 తిథులు. కావున దినమునకు 2 గడియలు, అనగా 48 నిమిషములు. ఆమె ఒక సంవత్సరము, మబ్బులేని రాత్రులలో, పూర్ణిమ తరువాతి చంద్రోదయములను గుర్తించినది. ఒకనాడు 45 నిమిషములు, మరియొకనాడు 54. అన్నిటిని సరాసరి కట్టగా 50కి దగ్గరగా వచ్చినది. "మాస్టారూ, మీ 48 కుదురుటలేదు" అన్నది.

చాంద్రమాసము 30 దినములు కాదు, సుమారు 29.53 దినములు. 24 గంటలకు నిమిషములు 1440. దానిని 29.53చే భాగించిన 48.8 వచ్చును. అప్పటికిని నిమిషమునకు పైగా లోటు. ఆ లోటు ఆమెను పదిదినములు నిద్రపోనీయలేదు, నన్నును పోనీయలేదు. చివరకు ఆమెయే గోడగడియారము చూచి పట్టుకొన్నది. 12 గంటలకు రెండు ముళ్లును కలిసియుండును. గంట తరువాత పెద్దముల్లు మరల 12కు వచ్చునప్పటికి చిన్నముల్లు 1కి జరిగియుండును. పెద్దముల్లు 5 నిమిషములలో 1ని చేరును. కాని ఆలోపల చిన్నముల్లు ఇంకొంచెము ముందుకు పోవును. కనుక అవి మరల కలియుట 1 గంట 5 నిమిషములకు కాదు, ఆపైన 27 సెకండ్లకు. భూమి పెద్దముల్లు, చంద్రుడు చిన్నముల్లు. భూమి ఆ 48.8 నిమిషములు అదనముగా తిరుగునంతలో చంద్రుడు మరికొంత తూర్పునకు జరుగును. కావున భాగింపవలసినది 29.53చే కాదు, ఒకటి తక్కువ, 28.53చే. అప్పుడు 50.5 నిమిషములు వచ్చును. శాస్త్రగ్రంథములలో నున్న సరాసరియు అదియే.

అరువదియేండ్ల పండితుని 48ని ఒక బాలిక 50 చేసినది. నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. ఆమె అంతటితో ఆగలేదు. "చంద్రుడు మెల్లగా తిరుగుటవలన దినదినము వెనుకబడుచున్నాడు. భూమితో సమానముగా తిరుగునది ఒకటి ఉన్నచో అది ఉదయింపనక్కరలేదు, అస్తమింపనక్కరలేదు గదా!" అన్నది. ఉన్నదమ్మా అని చెప్పి, దాని ఎత్తు నీవే కట్టుమంటిని. కెప్లరు మూడవ నియమము ప్రకారము, తిరుగు కాలముల వర్గములు దూరముల ఘనములకు అనుగుణముగా ఉండును. చంద్రునికి ఒక చుట్టునకు సుమారు 27 దినములు. మనకు కావలసినదానికి 1 దినము. 27కు ఘనమూలము 3. 3కు వర్గము 9. చంద్రుని దూరము సుమారు 3,84,000 కిలోమీటర్లను 9చే భాగించిన ఇంచుమించు 42,700. అది భూమి నడుమనుండి దూరము. అందు భూమి వ్యాసార్ధము 6,400 తీసివేసిన 36,300. గ్రంథములోని అంకె 35,786 కిలోమీటర్లు. కాగితపు ముక్కమీద వేసిన మోటులెక్కకు అంత దగ్గరగా రావడము చూచి ఆమె చేతిలోని కలము క్రింద పెట్టి కొంతసేపు మాటాడలేదు. భూమధ్యరేఖకు పైన ఆ ఎత్తుననే ఇన్సాట్‌లు నిలిచి మన తుపానులను చూచుచున్నవి. పడవరేవులో పుట్టిన ప్రశ్న అంతదూరము పోయినది. ఆ తరువాత "మనసు నిలుచుటలేదు" అన్న మాట ఆమె నోట నేను వినలేదు. ఉత్సాహము ముందు రాలేదు. పని వెనుక వచ్చినది.

పెద్దల చరిత్రలలోను ఇదియే కనబడును. చంద్రశేఖర వేంకటరామనుగారు 1907 మొదలు 1917 వరకు ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. కలకత్తాలోనున్న కాలమున ఆయన కచేరీకి పోకముందును, వచ్చిన తరువాతను వైజ్ఞానిక సంఘపు ప్రయోగశాలలో పని చేసెను. పగలెల్ల లెక్కల కాగితములు చూచినవాడు ఉత్సాహము వచ్చినప్పుడు పోదమనుకొన్నచో పోయెడివాడు కాడు, వేళకు పోయెను. 1928లో ఆయన కీర్తి విని కలకత్తా చేరిన యువకులలో మన సూరి భగవంతముగారు ఒకరు. 1909లో అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించి, నిజాము కళాశాలలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1957 మొదలు 1962 వరకు బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉండిరి. ఆయన వేంకటరాయుడుగారితో కలిసి 1948లో ప్రకటించిన గ్రంథము స్ఫటికములలోని అమరికను గణితముచే వర్గీకరించు విద్యకు సంబంధించినది. ఆగిరిపల్లి మనకు దూరము కాదు. ఏ పల్లెనుండి బయలుదేరితిమన్నది ఈ విద్యకు అడ్డుకాదని ఆయన జీవితము చెప్పుచున్నది.

ఇంకొక్క మాట. ఎంత జాగ్రత్తపడినను ఏర్పాటు ఒకనాడు తప్పును. జ్వరము వచ్చును, ఇంట పెండ్లి వచ్చును, వరికోతలు వచ్చును. అప్పుడు మనవారు చేయు తప్పేమనగా, తప్పిన నాలుగు గంటలను మరునాటి గంటలతో కలిపి ఎనిమిది చేయుదురు. కాలువకు గండి పడినప్పుడు తూము ఇంకను ఎక్కువగా ఎత్తుదురా? ముందు గండి పూడ్చుదురు. తప్పిన దినమును తప్పినదిగా విడిచి, మరునాడు మొదటి తడి మాత్రము, అదియు గంట కాకున్న అరగంట, మానకుండ చేయవలెను. అది నిలిచిన తక్కినవి వాటంతట అవే తిరిగివచ్చును.

ఈ విధముగా చదివినవారందరు రాకెట్లు ఎగురవేయుదురని నేను చెప్పను. ఆ గుడివాడ అమ్మాయి నేడు పిల్లలకు భౌతికశాస్త్రము చెప్పుచున్నది. తన తరగతిచేత చంద్రోదయములు వ్రాయించుచున్నది.

ఇక ఆ దివిసీమవాడు. ఈమధ్య అవనిగడ్డలో కనబడినాడు. చెరువులలో నీటి ఉప్పదనము, ప్రాణవాయువు కొలుచు పరికరములను గూర్చి నాకు చక్కగా వివరించినాడు. భౌతికశాస్త్రము వానిని పూర్తిగా విడువలేదు. నేను ఆనాటి నా ఉపదేశమును తలచి, "నాయనా, నీకు సరిగా చెప్పలేకపోతిని" అంటిని. వాడు నవ్వి, "పట్టుదల ఉండాలని మీరు చెప్పింది తప్పు కాదు మాస్టారూ. ఎక్కడ పట్టుకోవాలో చెప్పలేదు, అంతే" అన్నాడు. వాని కుమార్తె ఇప్పుడు పదవ తరగతి. ఆమె వచ్చిన నేను అడుగబోవు మొదటి ప్రశ్న సిద్ధముగా ఉన్నది.

విద్యార్థులారా! మీరును రేపు ఉదయము ఆ ప్రశ్నయే వేసికొనుడు. నా దినములో శివారు ఏది? తెలిసిన వెంటనే పైతూములు మూసి, ముందుగా అచ్చటికి నీరు వదలుడు.

స్వస్తి.